గాలిని కొని దాచుకొనేవారికి

అండమాన్ దీవులలో కాపురం ఉండేవారికి ఓడ వస్తేనే సంత. ఉల్లిపాయలు, సిమెంటు, సైకిలు ట్యూబులు, బడిపిల్లల పుస్తకాలు, పెళ్లికూతురి పట్టుచీర - అన్నీ చెన్నై నుండియో, కలకత్తా నుండియో, విశాఖపట్నం నుండియో వేయి కిలోమీటర్లకు పైబడిన సముద్రాన్ని దాటి రావలసినవే. ఓడ కోసం ఎదురు చూడనక్కరలేకుండ మాకు దొరికేవి రెండే రెండు: వాన, గాలి. అట్టి చోట గాలిని డబ్బు పెట్టి కొనడమూ, దానిని సీసాలలో దాచడమూ ఒక వ్యాపారమైనదంటే మా తండ్రుల తరం వారు నవ్వి ఉండేవారు.

కాని ఈనాడది నిజం. 2018 వరకు హావ్‌లాక్ అని పిలువబడిన స్వరాజ్ ద్వీపంలో ప్రతి ఉదయం పడవలలోనికి వరుసగా ఎక్కేవి గాలి సిలిండర్లే. దేశం నలుమూలల నుండి వచ్చిన యాత్రికులు ఒక్కొక్క సిలిండరును వీపున కట్టుకొని, రబ్బరు గొట్టం చివరనున్న బుడిపెను పండ్ల మధ్య కరచుకొని, పగడపు దిబ్బలను చూడడానికి సముద్రంలోనికి దిగుతారు. ఇందుకు వీలు కల్పించిన పరికరాన్ని 1943లో ఫ్రాన్సు దేశంలో ఝాక్ కూస్తో, ఎమిల్ గాన్యాఁ అనే ఇద్దరు రూపొందించారు. ఈతగాడు ఊపిరి పీల్చినప్పుడు మాత్రమే, అతడున్న లోతుకు తగిన పీడనంతో, గాలిని అందించడం దాని ప్రత్యేకత.

ఈ దీవులలో తెలుగువారు తక్కువేమీ కాదు. 2011 జనాభా లెక్కలలో ఇక్కడి మొత్తం జనం 3 లక్షల 80 వేలు కాగా, అందులో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 50 వేలు. శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల నుండి వచ్చినవారే వీరిలో అధికం. మా కుటుంబమూ అట్లా వచ్చినదే. పోర్ట్ బ్లెయిరులో - 2024 నుండి దాని పేరు శ్రీ విజయపురం - ఓడల మరమ్మతు పనిలో నేను ముప్పై ఏండ్లు గడిపాను. పీడనంతో కూడిన గొట్టాలు, తొట్లు నా చేతుల మీదుగా ఎన్నో వెళ్లాయి. అందువలననే మా అక్క కొడుకు సొంతంగా డైవింగు వ్యాపారం పెట్టదలచి, వాడిన సిలిండర్లు పది చౌకగా వస్తున్నాయని తెలిసినప్పుడు, "మావయ్యా, నువ్వొకసారి చూసి చెప్పు" అని నన్ను వెంటబెట్టుకొని వెళ్లాడు.

పది సిలిండర్లకు అడిగిన ధర నాలుగు కొత్త సిలిండర్ల ధర కంటె తక్కువ. మా అక్క పుస్తెలతాడు తప్ప మిగిలిన బంగారమంతా తాకట్టు పెట్టి ఉన్నది. అబ్బాయి పడవకు అప్పటికే బయానా ఇచ్చాడు. ఆ పరిస్థితిలో 'వద్దు' అనడం సులభం కాదు. ఊరకే 'సరే' అనడం అంతకంటె ప్రమాదం. "గాలే కదేటి తమ్మీ! దానికింత సదువేటి?" అని అక్క అడిగినది. ఆ ప్రశ్నకు ఆమెకు నేను చెప్పిన సమాధానమే ఇక్కడ కొంత వివరంగా వ్రాస్తున్నాను.

గాలి ఎంత బలమైనది?

సాధారణంగా వాడుకలో ఉన్న అల్యూమినియం సిలిండరులో పట్టే నీరు సుమారు 11 లీటర్లు. అనగా ఒక మోస్తరు బకెట్టెడు. దానిలో సుమారు 200 బార్ల వరకు, అంటే మన చుట్టూ ఉన్న గాలికి రెండు వందల రెట్ల పీడనం వచ్చే వరకు, గాలిని కుక్కుతారు. దాదాపు 2,200 లీటర్ల గాలి ఆ బకెట్టెడు చోటులో ఒదిగి ఉంటుంది. గాలికి బరువు లేదనుకునేవారు నిండిన సిలిండరును, ఖాళీ సిలిండరును త్రాసులో పెట్టి చూడవచ్చును. రెండింటికీ తేడా రెండున్నర కిలోలకు పైగా ఉంటుంది. ఈత ముగిసే వేళకు అల్యూమినియం సిలిండరు తేలికపడి నీటిలో పైకి లేవజూచేది ఇందువలననే. దానికి సరిపడ సీసపు బరువును డైవరు ముందుగానే నడుముకు కట్టుకుంటాడు.

ఇట్లా కుక్కిన గాలి ఒక్కసారిగా బయట పడితే వెలువడే శక్తి నాలుగు లక్షల జౌళ్లకు తగ్గదు. టన్ను బరువున్న కారును నలభై మీటర్ల ఎత్తుకు, అంటే పన్నెండు, పదమూడు అంతస్తుల మేడ పైకి, లేపడానికి ఆ శక్తి చాలును. విశాఖపట్నం సముద్రతీరంలో 2002 నుండి ప్రదర్శనశాలగా ఉన్న కురుసురా జలాంతర్గామిని చూచిన పాఠకులు ఒక సంగతి గుర్తుకు తెచ్చుకోవచ్చును. అంత పెద్ద నౌక నీటి అడుగు నుండి పైకి రావలసి వచ్చినప్పుడు తన తొట్లలోని సముద్రపు నీటిని బయటికి నెట్టివేసేది ఇట్టి నిలువ గాలితోనే.

అక్కకు ఇంత లెక్క చెప్పలేదు. "వంటగ్యాసు సిలిండరులో పీడనం ఎంతో, దీనిలో దానికి ఇరవై రెట్లకు మించి ఉంటుంది" అన్నాను. ఆమె మరి మాటాడలేదు.

భుజం మీది అక్షరాలు

సిలిండరు కొనేవాడు ముందుగా చూడవలసినది దాని రంగును కాదు, భుజాన్ని. వాల్వు దిగువన గుండ్రంగా వంగిన ఆ భాగంలో అక్షరాలు, అంకెలు లోహం మీదనే గుద్ది ఉంటాయి. ఎవరు చేశారు, వరుస సంఖ్య ఎంత, ఏ ప్రమాణం ప్రకారం చేశారు, ఎంత పీడనం వరకు నింపవచ్చును, ఎంత నీరు పడుతుంది, ఖాళీ బరువు ఎంత, ఏ నెలలో ఏ సంవత్సరంలో పరీక్షించారు - ఇవన్నీ అక్కడ ఉండాలి. మనిషికి జాతకం వంటిది అది. అయితే జాతకం అబద్ధమైనా బ్రతకవచ్చును. ఇది అబద్ధమైతే బ్రతకడం కష్టం.

మన దేశంలో ఈ సిలిండర్ల వ్యవహారం 1884 నాటి ప్రేలుడు పదార్థాల చట్టం క్రింద, 2016 సంవత్సరపు గ్యాస్ సిలిండర్ల నిబంధనల ప్రకారం నడుస్తుంది. నాగపూరులో ప్రధాన కార్యాలయం గల పెట్రోలియం, ప్రేలుడు పదార్థాల భద్రతా సంస్థ దీనిని పర్యవేక్షిస్తుంది. సిలిండరు చేయడానికైనా, దిగుమతి చేయడానికైనా ఆ సంస్థ ఆమోదం కావాలి. కనుక విదేశం నుండి ఎవరో సామానులో తెచ్చిన సిలిండరు ఎంత మెరుస్తున్నా, ఆ ఆమోదం లేనిదే దానిని చేపట్టకపోవడం మంచిది.

మేము చూచిన పదింటిలో ఒకదాని భుజం మీది అంకెలు అరిగి చదవడానికి వీలులేకుండ ఉన్నాయి. మరొకదానికి నడుము వద్ద లోతైన సొట్ట. మూడవది అన్నింటికంటె అందంగా, నిగనిగలాడే కొత్త పసుపురంగుతో ఉన్నది. మేనల్లుడు దాని మీదనే చేయి వేశాడు. నాకు భయం కలిగినది కూడ దానినే చూచి. పాత రంగును మంటతో కాల్చి తీసినా, కొత్త రంగును కొలిమి వంటి వేడిలో ఆరబెట్టినా అల్యూమినియం తన బిగువును కోల్పోతుంది. పైకి ఏ గుర్తూ కనిపించదు. రంగు ఎక్కడ వేశారు, ఎట్లా ఆరబెట్టారు అన్నదానికి అమ్మేవాని వద్ద సమాధానం లేదు. ఆ మూడింటినీ ప్రక్కన పెట్టించాను.

రంగు చేసే మోసం మనకు కొత్తది కాదు. 2021లో కరోనా రెండవ విజృంభణ నాడు ఆక్సిజన్ కోసం జనం వీధులలో పరుగెత్తినప్పుడు, ఢిల్లీలో మంటలార్పే సిలిండర్లకు రంగు మార్చి ఆక్సిజన్ సిలిండర్లుగా అమ్మజూచినవారిని పోలీసులు పట్టుకున్నారు. అవసరం తీవ్రంగా ఉన్నవాడు రంగును చూస్తాడు, ధరను చూస్తాడు. భుజం మీది అక్షరాలు చదవడానికి వానికి తీరిక ఉండదు.

నీటితో పరీక్ష

మిగిలిన ఏడింటికి నేను ఒక షరతు చెప్పాను. వాటిని ఓడ మీద ప్రధాన భూభాగానికి పంపి, అనుమతి గల పరీక్షా కేంద్రంలో పరీక్ష చేయించాలి, నెగ్గినవాటికే డబ్బు, ఓడ కిరాయి, పరీక్ష రుసుము మావి. అమ్మేవాడు కొంత గునిసినా కాగితం మీద సంతకం పెట్టాడు. "మావయ్యా, సీజను మొదలైపోతోంది, నెల పోతుంది" అని అబ్బాయి గొణిగాడు. నెల పోయినమాట నిజమే.

ఆ పరీక్ష చేసే విధానం చిత్రమైనది. గాలి సిలిండరును గాలితో పరీక్షించరు, నీటితో పరీక్షిస్తారు. నీరు నొక్కితే కుంచించుకుపోదు. కాబట్టి పరీక్షలో లోహం పగిలినా నీరు కారిపోతుందే గాని ప్రేలుడు ఉండదు. నీటితో నింపిన సిలిండరును నీళ్లున్న మరొక తొట్టిలో దించి, పనిచేసే పీడనానికి ఒకటిన్నర రెట్లు, కొన్ని ప్రమాణాలలో ఇంకా కొంచెం హెచ్చుగా, లోపల ఒత్తిడి పెడతారు. సిలిండరు కొద్దిగా ఉబ్బుతుంది. ఉబ్బిన మేరకు తొట్టిలోని నీరు ప్రక్కనున్న సన్నని గొట్టంలో పైకి లేస్తుంది. ఒత్తిడి తీసివేయగానే మంచి లోహం తిరిగి మొదటి స్థితికి వస్తుంది. ఉబ్బిన దానిలో పదవ వంతుకు మించి తిరిగి రాకపోతే ఆ లోహం అలసిపోయినదని అర్థం. ప్రపంచంలో పెక్కు దేశాలలో ఈ పరీక్షను ఐదేండ్లకొకసారి చేయించడం ఆనవాయితీ. డైవింగు సిలిండర్లకు దీనితో పాటు ఏడాదికొకసారి వాల్వు విప్పి, లోపల దీపం దించి కంటితో చూడడం కూడ ఉన్నది.

ఏడింటిలో ఐదు నెగ్గాయి. ఓడిన రెండింటి కథ వేరు వేరు. ఒకటి ఉక్కుది. దాని అడుగున ఎప్పుడో చేరిన ఉప్పునీరు గుంటలు గుంటలుగా లోహాన్ని తినివేసినది. రెండవది పాత అల్యూమినియం సిలిండరు. వాల్వు బిగించే మెడ మరలలో వెంట్రుక వంటి పగులు కనిపించినది. 1980ల చివరి వరకు కొన్ని దేశాలలో 6351 అనే సంఖ్య గల మిశ్రమలోహంతో సిలిండర్లు చేసేవారు. నిరంతరం ఒత్తిడిలో ఉండే ఆ లోహానికి మెడ వద్ద నెమ్మదిగా పగులు ప్రాకే గుణం ఉన్నదని తరువాత తేలినది. మా సిలిండరు ఆ కాలానిదే. ఇట్టి వాటిని నిబంధనల ప్రకారం మరెవ్వరూ వాడుకోలేని విధంగా ముక్కలు చేయాలి. ఆ మెడ ముక్కను మేనల్లుడు అడిగి తెచ్చుకున్నాడు. దానిని భూతద్దం క్రింద అక్కకు చూపినప్పుడు ఆమె చాలాసేపు అట్లే చూచి, "ఇదెవులి యీపుమీద పేలేదో" అన్నది.

లోపలి గాలి కూడ శుభ్రంగా ఉండాలి

సిలిండరు మంచిదైతే చాలదు. దానిలోనికి వెళ్లే గాలి మంచిదై ఉండాలి. గాలిని కుక్కే కంప్రెసరుకు గాలి పీల్చుకొనే గొట్టం ఒకటి ఉంటుంది. దాని నోరు ఇంజను పొగగొట్టం దగ్గర ఉన్నదంటే, పొగలోని కార్బన్ మోనాక్సైడు సిలిండరులో చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటె రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పైగా నీటిలో ముప్పై మీటర్ల లోతున పీడనం నాలుగు రెట్లు. అక్కడ విషం ప్రభావం కూడ ఆ మేరకు హెచ్చుతుంది. ఒడ్డున పీల్చినప్పుడు తలనొప్పితో పోయేది, అడుగున స్పృహ తప్పించవచ్చును.

కనుక కంప్రెసరు షెడ్డులో మేము చేసిన మొదటి పని గాలి గొట్టాన్ని ఎత్తుగా, ఇంజనుకు ఎదురుగాలి వైపున అమర్చడం. ఈ దీవులలో గాలి ఏడాదికి రెండు దిక్కులు మారుతుంది - నైరృతి కొన్నాళ్లు, ఈశాన్యం కొన్నాళ్లు. కాబట్టి గొట్టం నోటిని కూడ రెండు వైపులకు మార్చుకొనే వీలు ఉంచాము. వడపోతలోని బొగ్గును, తేమను పీల్చే గుళికలను ఎన్ని గంటలకొకసారి మార్చాలో కంప్రెసరుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. మా వంటి చెమ్మ నేలలో ఆ గడువు కంటె ముందే మార్చడం మంచిది. వాల్వు బిగుసుకున్నదని ఇంట్లోని నూనెచుక్క వేయడం ఎన్నడూ కూడదు. ఆ నూనె ఆవిరి ఊపిరితిత్తులకు చెరుపు. ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలి అయితే నిప్పే అంటుకోవచ్చును.

ఎక్కడ, ఎట్లా దాచాలి?

పాఠకులలో డైవింగుతో సంబంధం లేనివారు కూడ గాలి సిలిండర్లను చూచే ఉంటారు. 1981లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ అడవిలో, చెట్లకు గుర్తు వేసే రంగు తుపాకులతో కొందరు స్నేహితులు మొదలుపెట్టిన పెయింట్‌బాల్ ఆట ఈనాడు మన నగరాల శివార్లకు కూడ వచ్చినది. ఆ తుపాకికి బిగించే బుడ్డి చిన్నదే, లీటరు పైచిలుకు. కాని కార్బన్ నార చుట్టిన బుడ్లలో పీడనం 300 బార్లు దాటుతుంది - మా డైవింగు సిలిండర్ల కంటె హెచ్చు. చిన్నదని పిల్లల చేతికి ఇచ్చేవారు ఇది గ్రహించాలి. ఆ బుడ్డిని తుపాకి నుండి విప్పేటప్పుడు వాల్వు కూడ బుడ్డి నుండి వదులై తిరుగుతున్నదేమో కనిపెట్టాలి. తిరుగుతున్నట్లయితే అక్కడితో ఆపి, తెలిసినవానికి చూపాలి. నార చుట్టిన బుడ్లకు జీవితకాలం కూడ ఉన్నది. పెక్కింటికి పదిహేనేండ్లు. ఆ తరువాత పరీక్ష కూడ చేయరు. నార తెగినా, లోతుగా గీరుకున్నా దానిని వాడకూడదు.

దాచే పద్ధతులు పెద్దవాటికీ చిన్నవాటికీ ఒక్కటే. మొదటిది ఎండ. 27 డిగ్రీల వద్ద 200 బార్లు నింపిన సిలిండరు ఎండలో 60 డిగ్రీలకు కాగినచో పీడనం 222 బార్లకు చేరుతుంది. అది ఒక్కరోజులో ప్రమాదం తేకపోవచ్చును; కాని మూసిన కారు డిక్కీలోనో, రేకుల షెడ్డులోనో రోజుల తరబడి కాగనివ్వడం తెలివి కాదు. వాల్వులో ఒక పలుచని రేకు బిళ్ల ఉంటుంది. పీడనం మితి మీరితే అది చిరిగి గాలిని వదలివేస్తుంది. దాని స్థానంలో దళసరి రేకునో, నాణేన్నో పెట్టడం కన్నకొడుకు నోట గుడ్డ కుక్కడం వంటిది.

రెండవది నిలబెట్టే తీరు. నిలబెట్టిన సిలిండరుకు గొలుసు ఉండాలి. అది పడి వాల్వు విరిగితే సిలిండరు ఉన్నచోట ఉండదు, రివ్వున దూసుకుపోతుంది. పడవలోనో బండిలోనో తీసుకుపోయేటప్పుడు పడుకోబెట్టి, ఇటూ అటూ దొర్లకుండ కట్టాలి.

మూడవది ఉప్పు. సముద్రం నుండి వచ్చిన ప్రతి సిలిండరునూ మంచినీటితో కడగాలి. అడుగున తొడిగే రబ్బరు కాలిని విప్పి కడగాలి. ఉప్పు దాగేది అక్కడనే.

నాలుగవది చాలామందికి తోచనిది. నెలల తరబడి వాడనప్పుడు సిలిండరును పూర్తిగా ఖాళీ చేయకూడదు. కొద్దిపాటి పీడనం, పది, ఇరవై బార్లు, లోపల ఉంటే తేమ లోనికి పోదు. తిరిగి వాడేటప్పుడు ఆ పాత గాలిని వదలివేసి కొత్తది నింపాలి. ఉక్కు సిలిండరులో ఇది మరీ ముఖ్యం. తుప్పు పట్టడమంటే ఇనుము ఆక్సిజన్‌ను తినడమే. మూసి ఉన్న సిలిండరులో తేమ ఉంటే తుప్పు ఆ గాలిలోని ఆక్సిజన్‌నే తింటుంది. గేజీలో ముల్లు మాత్రం లోపల గాలి ఉన్నట్లే చూపుతుంది. పీల్చినవానికి మాత్రం ఊపిరికి పనికిరాని నైట్రోజన్ దక్కుతుంది.

నమ్మకం ఎవరిది?

ఐదు పాత సిలిండర్లు, అప్పు చేసి కొన్న రెండు కొత్తవి - ఈ ఏడింటితో మా వాడు పని మొదలుపెట్టాడు. అనుకున్న పది లేవు కనుక మొదటి సీజనులో కొందరు యాత్రికులను తిప్పి పంపవలసి వచ్చినది. అక్క నగలు విడిపించడం ఒక ఏడాది ఆలస్యమైనది. ఆ నష్టం నిజమైనదే. భద్రతకు ఖర్చు ఉండదని నేను ఎవరికీ చెప్పను. అయితే ఖర్చును ఎవరు భరించాలన్నదే ప్రశ్న. అమ్మేవాడు తప్పించుకుంటే కొనేవాని మీద పడుతుంది. కొనేవాడూ తప్పించుకుంటే, సిలిండరు పుట్టుపూర్వోత్తరాలు తెలియక దానిని వీపున కట్టుకొనే వాని మీద పడుతుంది. ఆ మనిషి రాయపూరు నుండియో, నల్గొండ నుండియో వచ్చి ఉంటాడు. పెండ్లయి పది రోజులై ఉంటుంది. మన ముఖం చూచి, మన మాట నమ్మి, బుడిపెను నోట కరచుకుంటాడు.

వాని కోసం అబ్బాయి ఒక పనిచేశాడు. ఏడు సిలిండర్లకు ఏడు పుటలు గల ఒక నోటు పుస్తకం పెట్టాడు. వరుస సంఖ్య, పరీక్ష తేదీ, తిరిగి పరీక్షించవలసిన తేదీ, లోపల దీపం పెట్టి చూచిన రోజు, వడపోత మార్చిన రోజు అందులో ఉంటాయి. దానిని దుకాణం బల్ల మీద అందరికీ కనబడేటట్లు ఉంచుతాడు. వచ్చినవారిలో ఎక్కువమంది దానిని తెరువరు. తెరిచినవారికి మాత్రం విసుక్కోకుండ ఒక్కొక్క గడినీ వివరిస్తాడు.

పాఠకులారా, మీరు అండమానుకు వచ్చినా, మరెక్కడ సముద్రంలో దిగినా, మీ పిల్లలను పెయింట్‌బాల్ ఆటకు తీసుకుపోయినా, ఆ సిలిండరును ఎప్పుడు పరీక్షించారని అడగండి. భుజం మీది తేదీని చూపించమనండి. అడగడానికి మొగమాటపడవద్దు. సరిగా నడుపుకొనేవాడు ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు. చిరాకుపడేవాని వద్ద డబ్బు పోయినా సరే, ఒడ్డుననే ఉండిపొండి. పగడపు దిబ్బలు మరునాడు కూడ అక్కడే ఉంటాయి.